సామేలు కాకా సైకిలు, తెగని గొలుసు

అది 2022. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. చంద్రపూర్‌లో జటపురా గేటు దాటాక లోపలి సందులో మా సైకిల్ దుకాణం ఉంది. మా మామగారు పెట్టిన దుకాణం అది. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక పానాలు నా చేతికి వచ్చాయి. మా ఆయన థర్మల్ స్టేషన్‌లో పని చేస్తాడు. సైకిలుకు రెండు చక్రాలుంటాయన్నంత వరకే ఆయనకు తెలుసు. ఆడమనిషి కూర్చుని పంక్చర్ వేయడమేమిటని మొదట్లో నవ్విన సందువాళ్లే ఇప్పుడు తమ పిల్లల సైకిళ్లు నా దగ్గరికి పంపిస్తున్నారు.

నాకు అనుమానం ఎక్కువ. ఇంట్లో దీన్ని జబ్బు అంటారు కానీ, దుకాణంలో నన్ను చాలాసార్లు కాపాడింది ఇదే. సైకిలు తెచ్చేవాళ్లలో జరిగింది జరిగినట్టు చెప్పేవాళ్లు తక్కువ. ముందు చక్రం అష్టవంకర్లు పోయి ఉంటుంది, 'ఊకనే గోడకు ఆనించిన, దానంతటదే గిట్లయింది' అంటారు. మంచి సైకిలు అగ్గువకు ఇస్తామని వచ్చేవాళ్లు ఇంకో రకం. ఆ సైకిలు కొంటే ఆ తర్వాత పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మేమే. అందుకే కొత్త మనిషి వస్తే ముందు సైకిలును చూస్తాను, తర్వాత చెప్పులను చూస్తాను. రెండూ ఒకదానికొకటి కుదిరితేనే మాట కలుపుతాను.

ఆ రోజు రెండూ కుదరలేదు. వచ్చినాయనకు డెబ్భై దాటి ఉంటాయి. వెలిసిన చొక్కా, కాళ్లకు అరిగిపోయిన రబ్బరు చెప్పులు, భుజానికి గుడ్డసంచి. ఆయన నడిపించుకుంటూ తెచ్చిన సైకిలు మాత్రం ఇంగ్లండులో తయారైంది. ముదురు ఆకుపచ్చ రంగు, చైను మొత్తాన్ని మూసేసే చైన్‌కేసు, తోలు సీటు, హ్యాండిల్ కుడివైపు మూడు గాట్లున్న చిన్న మీట. ఆ మీటను ట్రిగ్గర్ అంటారు. వెనక చక్రం మధ్యలోని హబ్బులో మూడు గేర్లు దాగి ఉంటాయి, ట్రిగ్గర్‌తో వాటిని మార్చుకోవచ్చు. ఇలాంటి హబ్బును మా మామగారి దగ్గర పని నేర్చుకునేటప్పుడు ఒకటో రెండో చూశాను. ఇప్పుడు ఇది కావాలని పెద్ద పెద్ద ఊళ్లలో డబ్బున్నవాళ్లు వెతుక్కుంటున్నారు. కాబట్టి నేను అడిగిన మొదటి మాట, ఈ సైకిలు ఎవరిది అని.

"నాదే బిడ్డా," అన్నాడాయన. పేరు సామేలు. పద్మాపూర్ దగ్గర గనుల కాలనీలో ఉంటాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు గని మేనేజరు దొర బంగళాలో వంటమనిషి. దొర తన దేశానికి వెళ్లిపోతూ సైకిలు ఇచ్చి వెళ్లాడట. సామేలు కాకా కూడా గనిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు.

దొర ఇచ్చాడు అనే మాట నేను చాలాసార్లు విన్నాను. పాత గడియారమైనా, పాత కుర్చీ అయినా దొరలే ఇచ్చి వెళ్లారంటారు. అందరికీ పంచిపెట్టడానికి ఆ దొరల దగ్గర ఎన్ని సామాన్లున్నాయో నాకు అర్థం కాదు. అందుకని ఒక చిన్న పరీక్ష పెట్టాను. హబ్బులో నూనె ఎట్ల పోస్తవు కాకా అని అడిగాను. ఆయన సంచిలోంచి కళ్లమందు సీసా తీశాడు. అందులో కుట్టుమిషను నూనె ఉంది. హబ్బు మీద ఆవగింజంత మూతను గోటితో ఎత్తి రెండు చుక్కలు వేసి, మూత మళ్లీ నొక్కి, వేలితో తుడిచాడు. దొంగ సైకిలు తొక్కేవాడికి ఆ మూత ఉందనే తెలియదు. అనుమానం అక్కడికి కొంచెం సద్దుమణిగింది.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. వెనక చక్రం ఇరుసుకు కుడివైపు నుంచి బయటికి వచ్చే చిన్న గొలుసు పోయింది. మా పనిలో దాన్ని ఇండికేటర్ చైను అంటారు. ఇరుసు లోపల బోలుగా ఉంటుంది. అందులోకి అగ్గిపుల్లకన్నా కొంచెం పొడవైన ఇనుప కడ్డీ మరతో బిగుస్తుంది, కడ్డీ చివర సన్నని గొలుసు ఉంటుంది. ట్రిగ్గర్ నుంచి వచ్చే తీగ ఆ గొలుసును లాగితే గేరు మారుతుంది. గొలుసు లేకపోతే హబ్బు మూడో గేరులోనే ఉండిపోతుంది. అదే అన్నిటికన్నా బరువైన గేరు. వయసులో ఉన్నవాళ్లు దానితో కూడా తొక్కేస్తారు. మోకాళ్లు అరిగిన ముసలాయన మాత్రం చిన్న మోరీ వంతెన ఎత్తు కూడా ఎక్కలేడు. ఆయన ఆ రోజు చాలా దూరం నడిపించుకుంటూనే వచ్చాడు.

"తెగిపోయింది బిడ్డా. తొవ్వల ఎక్కడనో పడ్డది," అన్నాడు.

నేను టార్చి వేసి ఇరుసులోకి చూశాను. గొలుసు తెగిపోతే కడ్డీ ముక్క లోపల మిగులుతుంది, దాన్ని బయటికి తీయడమే పెద్ద తలనొప్పి. ఇక్కడ ఏమీ మిగల్లేదు. లోపల మర శుభ్రంగా కనిపిస్తోంది. గేరు తీగ కొస కిందికి వేలాడకుండా, చక్రంలో పడకుండా, ఎవరో దాన్ని ఫ్రేముకు చుట్టి దారంతో ముడేశారు. అంటే గొలుసు తెగలేదు. ఎవరో లాక్ నట్ వదులు చేసి, గొలుసును చేత్తో తిప్పి తీసుకున్నారు. పైగా సైకిలు పాడవకుండా జాగ్రత్త చేసి మరీ వెళ్లారు. ఇంత మర్యాదగల దొంగను నేనెప్పుడూ చూడలేదు.

"తెగితే ముక్క లోపల ఉండాలె గదా కాకా," అన్నాను.

"తెగింది బిడ్డా," అన్నాడు మళ్లీ. ఆ మాట నా మొహం చూసి అనలేదు, సందు చివరకు చూస్తూ అన్నాడు. అబద్ధమని నాకు తెలిసిపోయింది. ఎందుకు చెబుతున్నాడో మాత్రం అంతుపట్టలేదు.

ఈ వయసులో అంత దూరం సైకిలు మీద తిరగాల్సిన పనేమిటని అడిగాను. గుడ్డసంచిలోంచి నల్ల అట్ట తెలుగు బైబిలు చూపించాడు. గనుల కాలనీల్లో, ఇటు బాబూపేట వైపు, తెలుగు కిరస్తానీ కుటుంబాలు చాలా ఉన్నాయి. ముసలివాళ్లకు తెలుగు తప్ప ఇంకో భాషలో ప్రార్థన రాదు. వాళ్లలో చాలామందికి చదువు రాదు, వచ్చినవాళ్లకు చూపు లేదు. పిల్లలేమో మరాఠీ బడుల్లో చదివారు, ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకం తెరిచి చదవలేరు. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు ఈయన వెళ్లి చదివి వినిపించి వస్తాడు. మా అమ్మాయి కూడా తెలుగు బోర్డు చూస్తే కూడబలుక్కునే రకమే కాబట్టి ఆ మాట నాకు వెంటనే అర్థమైంది.

"వాళ్ల మనుమలు మరాఠీల చదివి ఇనిపిస్తరు బిడ్డా," అన్నాడు. "కానీ వాళ్లతోని దేవుడు ఇన్నేండ్లు తెలుగులనే మాట్లాడిండు గదా."

సైకిలు నిలబడిపోతే ఆ ఇళ్లలో ఆ పుస్తకాలు మూసే ఉంటాయి. నా అనుమానం నా దగ్గరే పెట్టుకుని, గొలుసు వెతుకుతానని మాట ఇచ్చాను.

చంద్రపూర్ స్పేర్ పార్ట్స్ దుకాణాల్లో అడిగితే, కౌంటరు వెనక కుర్రాళ్లు నేను గీసిన బొమ్మ చూసి ఇది సైకిలుదేనా అని నన్నే అడిగారు. లేత్ మిషను మీద చేయిద్దామనుకున్నాను. ఇంగ్లండు మర వేరు, మన పళ్లు దానికి పట్టవు. లేత్ ఆయన పట్టుబట్టి ఒకటి చేశాడు కానీ, నేనే సందులో తొక్కి చూస్తే అది కొద్ది రోజులకే సాగి వదులైంది. పొడవులో పిసరంత తేడా ఉన్నా గేరు సగంలో ఆగుతుంది. అప్పుడు పెడల్ ఒక్కసారిగా జారి మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. ముసలాయన మోకాలితో ప్రయోగాలు చేసే ధైర్యం నాకు లేదు.

ఫోన్లో వెతికితే ఒకడు తన దగ్గర ఉందని ఫొటో పెట్టాడు. ఫొటో మరీ అందంగా ఉంది. ఈ రోజు పేపరు పక్కన గొలుసు పెట్టి ఫొటో తీసి పంపమన్నాను. ఆ తర్వాత ఆ మనిషి మళ్లీ కనిపించలేదు.

పాత సైకిళ్ల పిచ్చి ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో పుణేవాడొకడు పలికాడు. గొలుసు తన దగ్గర ఉందట, కానీ విడి సామాను అమ్మడట. సైకిలే అమ్ముతారేమో కనుక్కోమన్నాడు. సైకిలు ఫొటో అడిగితే పంపాను. మరుసటి మాట, ఆ ముసలాయన ఏ ఊళ్లో ఉంటాడు అని. అక్కడ నాకు అనుమానం తగిలింది, ఊరి పేరు చెప్పలేదు. అప్పటి నుంచి అతను నాలుగు రోజులకోసారి ఫోన్ చేసి, అజూన్ మిళాలా నాహీ నా, ఇంకా దొరకలేదు కదా అని అడిగేవాడు. దొరకలేదంటే అతని గొంతులో సంతోషం వినిపించేది. మా వ్యాపారంలో ఒక కిటుకుంది. సామాను దొరకని సైకిలు ఎంత గొప్పదైనా చవకగా వస్తుంది. ఆ కిటుకు తెలిసినవాడు అది దొరక్కుండా చూడడని ఏముంది?

చివరికి నాగపూర్‌లో మా మామగారికి తెలిసిన పాత మెకానిక్ ఒకాయన ఆదుకున్నాడు. అనుమానంలో ఆయన కూడా నా లాంటివాడే. పాత ముక్క చూపిస్తేనే కొత్తది ఇస్తాను అన్నాడు. మా పనిలో అది ఆచారం. పాత సామాను నమూనాగా తేవాలి, లేకపోతే ఏదో మోసం ఉందని లెక్క. ముక్క లేదంటే, తెగినదానికి ముక్క లేకపోవడం ఏమిటమ్మా అని నన్ను నిలదీశాడు. నేను ముసలాయనను అడిగిన ప్రశ్నే ఆయన నన్ను అడిగాడు. మామగారి మాట మీద, నేను పంపిన ఇరుసు కొలత చూసి, తన డబ్బాలో ఉన్న ఒకే ఒక్క గొలుసును వరోరా మీదుగా వచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు.

గొలుసును లోపలికి పూర్తిగా తిప్పి, మళ్లీ సగం చుట్టు వెనక్కి తిప్పాలి. మరీ బిగిస్తే నిజంగానే తెగుతుంది. అలా బిగించి తీగ కలిపాక సామేలు కాకా గేటు దాకా తొక్కి వచ్చాడు. మూడు గేర్లూ పడ్డాయి. దిగాక నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చలికాలం ముదరకముందే మళ్లీ సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

"మళ్ల తెగింది బిడ్డా."

టార్చి వేసి చూశాను. లోపల ముక్క లేదు. తీగ కొస పోయినసారిలాగే ఫ్రేముకు చుట్టి, దారంతో ముడేసి ఉంది. ముడి కూడా అదే. ఈసారి నాకు కోపం వచ్చింది.

"కాకా, ఇది తెగలే. ఎవరో తీసిండ్రు. నీకు తెల్సా తెల్వదా?"

ఆయన సీటు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "తెగింది అనే రాసుకో బిడ్డా," అన్నాడు మెల్లగా.

సైకిలు దుకాణంలోనే ఉంచి వెళ్లమన్నాను. ఆయన షేర్ ఆటో కోసం నడిచి వెళ్తుంటే, సంచి బరువుకు ఒకవైపు ఒరిగి నడుస్తున్నట్టు కనిపించాడు. ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు. పుణేవాడు ఎవరినో పంపి తీయిస్తున్నాడా? సైకిలు ఫొటో పంపింది నేనే కదా. లేకపోతే కాకాయే తీసి అమ్ముకుని నాతో నాటకం ఆడుతున్నాడా? ఈ రెండో ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది కానీ, వచ్చిన మాట నిజం. నాగపూర్ ఆయనకు ఫోన్ చేస్తే, ఇంకొకటి లేదు, ఉన్నా ముక్క చూపించకుండా ఇవ్వను అన్నాడు.

ఇది జరిగిన కొద్ది రోజులకు ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు దుకాణానికి వచ్చాడు. నలభై లోపు వయసు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొనడానికి వచ్చినవాడు ముందు ట్యూబో ట్యాపో అడుగుతాడు. ఇతను నేరుగా మూలన ఉన్న ఆకుపచ్చ సైకిలును చూశాడు. ఊరక రారు మహానుభావులు అనుకున్నాను.

అతను మరాఠీలో మొదలుపెట్టాడు. ఇలాంటి పాత సైకిళ్ల సామాను దొరుకుతుందా, ఇరుసులోకి బిగించే ఆ సన్న గొలుసు ఎక్కడైనా వస్తోందా, రావడం పూర్తిగా ఆగిపోయిందా అని అడిగాడు. మాట్లాడుతూ బొటనవేలు, చూపుడువేలు మధ్య దాని పొడవు చూపించాడు. సరిగ్గా అంతే పొడవు. బిగించి ఉన్న గొలుసులో కడ్డీ ఇరుసు లోపలే ఉంటుంది, బయటికి కనిపించేది కొన్ని లింకులే. మొత్తం పొడవు తెలియాలంటే దాన్ని బయటికి తీసి చూసి ఉండాలి.

నేను తొణకలేదు. కష్టమే, చూడాలి అన్నాను మరాఠీలోనే. దొరకదని ఆయనకు ఖాయంగా చెప్పేస్తే మంచిది కదా, ముసలాయన ఊరికే ఆశ పెట్టుకుంటాడు అన్నాడతను. ఇక్కడ ముసలాయన సంగతి నేనెత్తలేదు. పుణేవాడి మనిషి దొరికాడనుకున్నాను. ఇంతలో అతని జేబులో ఫోన్ మోగింది. పక్కకు తిరిగి, గొంతు తగ్గించి, "ఆఁ బాపు, డ్యూటీ అయింది, వస్తున్న. నువ్వు తిని పండుకో," అన్నాడు.

మా దగ్గర తెలుగువాళ్లం ఒకరినొకరం రెండు మాటల్లో పసిగడతాం. పసిగట్టాక తెలుగులోకి దిగిపోతాం. నా యాస వినీ మరాఠీలోనే నిలబడ్డాడంటే, తను ఎవరో తెలియకూడదని. ఆ బాపు సామేలు కాకాయే అయి ఉండాలి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటిదొంగను మాత్రం వాళ్ల నాన్న ఫోనే పట్టించింది.

"ఆగు తమ్మీ," అన్నాను తెలుగులో. "ఆ గొలుసులు జేబుల ఉన్నయా, ఇంట్ల ఉన్నయా?"

అతను పారిపోతాడనుకున్నాను. టైర్లు పేర్చిన బల్ల మీద కూర్చుండిపోయాడు. పేరు విజయ్. సామేలు కాకాకు ఒక్కడే కొడుకు. బొగ్గు టిప్పరు నడుపుతాడు. రెండూ ఇంట్లోనే ఉన్నాయన్నాడు.

నేను ఇంకా నమ్మలేదు. పుణేలో మంచి ధర ఇచ్చేవాళ్లున్నారు, అమ్ముదామా అని ఎర వేశాను. అతను తల ఎత్తి, "అమ్ముతే మా బాపు బతకడు అక్కా. సైకిలు ఉండాలె. తొక్కొద్దు, గంతే," అన్నాడు.

అప్పుడు మొత్తం చెప్పాడు. వానాకాలంలో ఒక పొద్దున పద్మాపూర్ రోడ్డు మీద లోడుతో వస్తున్నాడట. అద్దం మీద బొగ్గు బురద, ముందు లారీ లేపిన నీళ్లు. ఎవరో నెత్తి మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని సైకిలు మీద పోతున్నారు. హారన్ కొట్టినా పక్కకు జరగడం లేదు. బ్రేకు వేస్తే బండి జారింది, అడుగు దూరంలో తప్పింది. తిట్టడానికి పక్క అద్దంలోకి చూస్తే ఆకుపచ్చ సైకిలు.

"టిప్పర్ల కూసుంటే సైకిలోడు మనిషిలెక్క కనపడడు అక్కా. గది మాకు తెల్సు, తొక్కెటోళ్లకు తెల్వది. ఆ దినం దిగి మొఖం కూడ చూడలే నేను. బండి ఉరికిచ్చిన."

ఆ సాయంత్రమే గొలుసు తీశాడు. వద్దని నాన్నకు నేరుగా చెప్పొచ్చు కదా అన్నాను.

"నేనొద్దంటే, కొడుకు ఆపిండు అనుకుంటడు. సామాను దొర్కలేదంటే ఎవ్వల మీద కోపం ఉండది. నువ్వు చెప్పక్కా. నీ మాట ఇంటడు."

నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. మెకానిక్ దొరకదు అంటే గిరాకీకి అది ఆఖరి మాట, ఇంకెవరినీ అడగరు. పాము చావదు, కర్ర విరగదు. నాగపూర్‌లో ఇంకొకటి లేదు కాబట్టి అది పూర్తి అబద్ధం కూడా కాదు. కానీ బాబూపేటలో, కాలనీల్లో ఆయన కోసం ఎదురుచూసే మంచాలున్నాయి. పైగా రెండుసార్లు తెగిందని నాకు అబద్ధం చెప్పిన ఆ పెద్దాయన ఏం దాస్తున్నాడో నాకింకా తెలియలేదు. ఈ అబద్ధానికి నా నోరు ఇవ్వను, ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక మీ నాన్నను తీసుకుని, గొలుసులు తీసుకుని రా అన్నాను. రాకపోతే నేనే మీ ఇంటికి వస్తానని కూడా చెప్పాను.

వస్తాడో రాడో అనుకున్నాను కానీ వచ్చాడు. మోటారుసైకిలు మీద ఇద్దరూ దిగారు. కాకా చర్చికి వేసుకున్న తెల్ల చొక్కాలోనే ఉన్నాడు. గొలుసు దొరికిందేమోనని ఆయన మొహంలో ఆశ ఉంది. విజయ్ జేబులోంచి దస్తీ తీసి నా పనిబల్ల మీద విప్పాడు. రెండు గొలుసులూ మెరుస్తూ ఉన్నాయి, రెంటికీ నూనె రాసి ఉంచాడు.

కాకా వాటిని చూశాడు, కొడుకును చూడలేదు.

"నాకు ఎరికనే," అన్నాడు. "ఇంట్ల పానా పట్టుడు ఇంకెవలకు వస్తది? నేనే నేర్పిన."

"మరి ఎందుకు అడగలే కాకా? తెగింది తెగింది అని నాకెందుకు చెప్పినవు?"

"నా కొడుకు తీసిండని బయటోళ్లకు ఎట్ల చెప్పాలె బిడ్డా?" మళ్లీ తనే అన్నాడు. "వానికి చెప్పే కారణం ఉంటది. అడుగుతే చెప్తడు. చెప్తే నేను సైకిలు దిగాలె. అందుకే అడగలే."

విజయ్ అప్పుడు ఆ వాన పొద్దున సంగతి చెప్పాడు. నాకు చెప్పినంత సాఫీగా చెప్పలేకపోయాడు.  కాకా పూర్తిగా విన్నాడు. తిట్టలేదు, ఏడవలేదు. ఒక్క మాట అడిగాడు.

"ఆరన్ కొట్టినవా?"

"చెయ్యి తియ్యలే బాపు. పొడుగూత కొట్టుకుంటనే వచ్చిన."

కాకా తన చెవి తడుముకున్నాడు.

"వాన చప్పుడుండె," అన్నాడు విజయ్. "కవరు కప్పుకున్నవు. అందుకే ఇనపడలేదు కావచ్చు."

"వాన కాదు తియ్," అన్నాడు కాకా. "పాస్టరయ్య మాట కూడ నాకు సగమే ఇనొస్తుంది. మిగిలిన సగం నేను చదివిందే గదా అని కలుపుకుంటున్న."

టిప్పరు హారన్ ఎంత గట్టిగా ఉంటుందో ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అది వీపు వెనక మోగుతుంటే ఆయనకు వినపడలేదు. ఆ సంగతి ఆయనకు ఇప్పుడు, ఇక్కడ తెలిసింది. నేను చేతిలో పానా పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. 

చివరికి ఆయనే, "పెట్టు బిడ్డా," అన్నాడు. దొర ఇచ్చిన సైకిలుతో వచ్చిన అసలు గొలుసునే బిగించాను. ఆయన వంగి చూసి, సగం చుట్టు వెనక్కి తిప్పావా అని అడిగి, తిప్పాననగానే తల ఊపాడు. సైకిలు బయటికి తీశాక, హ్యాండిల్ కొడుకు చేతిలో పెట్టాడు.

"బాబూపేటల మార్తమ్మ మంచంల ఉన్నది. పోయిన ఐతారం నుంచి ఎదురుచూస్తున్నది. నువ్వు తొక్కు, నేను ఎనక కూసుంట."

మోటారుసైకిలు ఉంది కదా అని విజయ్ అనలేదు. సైకిలెక్కాడు. కాకా గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని క్యారియరు మీద ఒకవైపు కాళ్లు వేసి కూర్చున్నాడు. టిప్పరు తోలే మనిషి సందులో నాలుగు గజాలు అటూ ఇటూ ఊగి, గేటు దగ్గర రద్దీ చూసి ఆగిపోయాడు. వెనక నుంచి ఎవరో హారన్ కొట్టారు. విజయ్ ఉలిక్కిపడి పక్కకు జరిగాడు. కాకా మాత్రం ముందుకు చూస్తూ అలాగే కూర్చుని ఉన్నాడు. తర్వాత విజయ్ వీపు తట్టి ట్రిగ్గర్ వైపు వేలు చూపించాడు. మొదటి గేరు పడ్డ చప్పుడు నాకు దుకాణం దాకా వినిపించింది.

ఆ తర్వాత సామేలు కాకా పెద్ద రోడ్డు మీద సైకిలు ఎక్కలేదు. కాలనీ లోపలి ఇళ్లకు తనే తొక్కుతాడు. దూరం ఇళ్లకు విజయ్ సెలవు రోజున తీసుకెళ్తాడు, తీసుకెళ్లినప్పుడల్లా పక్కన కూర్చుని వినాల్సి వస్తుంది. వారంలో తిరిగే ఇళ్లు తగ్గిపోయాయి. అది నష్టమే, ఎవరూ కాదనరు. పుణేవాడు ఇంకోసారి ఫోన్ చేసినప్పుడు దొరికిందని చెప్పాను. ఎక్కడ దొరికింది అని అడిగాడు. తీసినవాళ్ల దగ్గరే అన్నాను.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నది ఇరుసు గొలుసు గురించి కాదు. ఇన్నాళ్లూ నా అనుమానమంతా సైకిలు ఎవరిది, డబ్బు ఎక్కడ, దొంగ ఎవరు అని తిరిగేది. ఇప్పుడు ఒకే సామాను రెండోసారి పోయిందని ఎవరైనా వస్తే, ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతాను. సామాను దొరకదు అనే మాట తొందరగా అననూ అనను. ఇంట్లోవాళ్లు ఒకరికొకరు చెప్పుకోలేని మాటను నా నోటితో చెప్పించుకోవడానికే వచ్చారేమోనని ముందు చూసుకుంటాను.